పొగ ఏ బండిది?

మొగిలయ్యను సాయంత్రం నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు హాజరు పరుస్తారన్న మాట నా చెవిన పడేసరికి సోమవారం పొద్దున పదకొండూ పది. పెట్టిన సెక్షనుకు బెయిలు రాదు. ఒకసారి లోపలికి పోయాడంటే ఆ మనిషి మళ్ళీ స్పానరు పట్టుకునేది ఎప్పటికో ఆ దేవుడికే తెలియాలి.

ఈ మాట తెచ్చింది అతని భార్య దేవవ్వ. కృష్ణానగర్‌లో సినిమావాళ్ళకు బట్టలు కుట్టే దుకాణంలో కాజాలు, గుండీలు కుడుతుంది. నా గది మెట్లెక్కి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా గుమ్మం పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. ఏడ్చే ఓపిక ఆదివారంతోనే అయిపోయినట్టుంది.

"మా ఆయన బోల్టు బిగియ్యలేదంట సార్. ఇరవై రెండేండ్ల సంది గిదే పని చేస్తుండు. ఇంట్ల గిన్నె మీద మూత సుత సరిగ బెట్టకుంటె ఊకోడు. గసుంటి మనిషి బోల్టు మర్శిపోతడా?"

నా పేరు హనుమత్ప్రసాద్. ముప్ఫై ఒక్క ఏళ్ళు రవాణా శాఖలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా చేశాను. జనం పెట్టిన పేరు బ్రేకిన్‌స్పెక్టరు. నిరుడు, అంటే రెండువేల నాలుగులో రిటైరై, అమీర్‌పేటలో ఒక టిఫిన్ సెంటరు పైన గది తీసుకుని ఎంక్వయిరీలు చేస్తున్నాను. నూటికి తొంభై పెళ్ళికొడుకుల కేసులే. అబ్బాయి సాఫ్ట్‌వేరని అటువాళ్ళు చెబుతారు. నేను వెళ్ళి చూస్తే మైత్రీవనంలో ఇంకా కోర్సు నేర్చుకుంటూ ఉంటాడు. అలాంటివాడి దగ్గరికి హత్య కేసు వస్తుందని నేననుకోలేదు. నిజానికి అప్పటికి అది హత్య అని కూడా ఎవరూ అనలేదు.

పోలీసుల లెక్క ఇది. చనిపోయినవాడు ఫణీంద్ర, మైత్రీవనం దగ్గరి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో జావా చెప్పేవాడు. శనివారం పొద్దున మొగిలయ్య అతని పాత పద్మిని కారు బాగుచేసి, రెండింటికి అప్పజెప్పాడు. సైలెన్సరు పైపు జాయింటుకు ఒక బోల్టు పెట్టడం మరిచిపోయాడు. ఫణీంద్ర ఆ కారులో అమీర్‌పేట వెళ్ళి 5.40కి పొల్యూషన్ స్లిప్పు తీసుకున్నాడు. దారి పొడుగునా పొగ లోపలికి వచ్చింది. మత్తులోనే పంజగుట్టలో తన అపార్ట్‌మెంటు వెనక ఉన్న షెడ్డు దాకా వచ్చి, ఇంజను ఆపకుండానే సీట్లో ఒరిగిపోయాడు. 7.10కి భార్య చూసింది. డాష్‌బోర్డు మీద స్లిప్పు ఉంది. రక్తంలో పొగ విషం ఉందని పోస్ట్‌మార్టం రిపోర్టు. కేసు ఒక్క పూటలో తేలిపోయింది.

పదకొండున్నరకు ఠాణాలో ఉన్నాను. ఇన్‌స్పెక్టరు ఓంప్రకాష్ బయటికి వెళ్ళాడు. రైటరుకు నేను పాత పరిచయం. స్లిప్పు జెరాక్సు కాపీ ఒకటి చేతిలో పెట్టి, పది నిమిషాలు మాట్లాడుకోనిచ్చాడు.

మొగిలయ్య ఊచల అవతల గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గోళ్ళలో ఇంకా ఆయిల్ నలుపుంది. బోల్టుల సంగతి మూడు రకాలుగా తిప్పి తిప్పి అడిగాను. మూడుసార్లూ ఒకటే చెప్పాడు. పాత ప్యాకింగు తీసి కొత్తది వేశాడు, రెండు బోల్టులు పెట్టాడు, పదమూడో నంబరు స్పానరుతో బిగించాడు. అబద్ధం చెప్పేవాడు మూడోసారికి ఏదో ఒకటి కలుపుతాడు. ఇతనేమీ కలపలేదు.

స్లిప్పు చూపించాను. అతనికి చదువు రాదు, అంకెలు వచ్చు. కాగితం వెలుతురు వైపు తిప్పమన్నాడు. చూసి, నా మొహంలోకి చూసి, మళ్ళీ కాగితం చూశాడు.

"గిది నా బండి పొగ గాదు సార్."

"ఎలా చెబుతావు?"

"సున్నా పాయింటు సున్నా ఆరు అని ఉన్నది. గా ఇంజన్ ఆయిల్ తాగుతది. మూడో దాంట్ల రింగులు పోయినయ్. పొల్యూషన్‌కు పోతె పాస్ గాదు, ఇంజన్ దించాలె అని ఫణి సార్‌కు చెప్పిన. వచ్చే నెల చూద్దాం మొగిలయ్యా అన్నడు." గొంతు తగ్గించాడు. "ఆయన మస్తు మంచోడు సార్. నేనెందుకు సంపుకుంట?"

నేను స్లిప్పు మడిచి జేబులో పెట్టుకున్నాను. సిగ్గుపడాల్సిన విషయం ఒకటి చెప్పాలి. రైటరు ఇచ్చినప్పుడే ఆ కాగితం చూశాను, అందులో అంకెలు చదవలేదు. ఈ ఊళ్ళో పొల్యూషన్ స్లిప్పు మీద తేదీ తప్ప ఇంకేదైనా చదివినవాడిని నేను ముప్ఫై ఒక్క ఏళ్ళలో చూడలేదు. చదవాల్సిన ఉద్యోగం చేసిన నేనే చదవలేదు, ఇక మిగతావాళ్ళ మాటెందుకు?

పన్నెండూ ఐదుకు షెడ్డు దగ్గర దిగాను. ఫణీంద్ర భార్య రాగసుధ తాళం తీసింది. ముప్ఫై దాటని మనిషి, రెండు రోజుల్లో పెద్దదైపోయింది. షట్టరు పైకి లేపి తను మాత్రం బయటే నిలబడింది.

కారు అలాగే ఉంది. శనివారం చూసినప్పుడు తాళం చెవి ఆన్‌లో ఉందట, ట్యాంకులో చుక్క పెట్రోలు లేదట. ఎంత దూరం తిరిగిందో మీటరు చూసి చెప్పేద్దామంటే, దాని కేబులు తెగిపోయి ఆరేళ్ళయిందని రాగసుధ చెప్పింది. నడుం సహకరించకపోయినా గోనెపట్టా పరుచుకుని కింద దూరాను. సైలెన్సరు జాయింటు సరిగ్గా డ్రైవరు సీటు కింద. కొత్త ప్యాకింగు, మొగిలయ్య చెప్పినట్టే. ఒక బోల్టు ఉంది, రెండోది లేదు. ఉన్న బోల్టు తలకాయ మీద పళ్ళ గాట్లున్నాయి, ప్లయరుతో పట్టి తిప్పబోయి తిరక్క వదిలేసిన గాట్లు. లేని బోల్టు రంధ్రం చుట్టూ వాషరు నొక్కుకున్న గుర్తు తాజాగా మెరుస్తోంది. అంటే బిగించిన బోల్టునే ఎవరో ఊడదీశారు. మెకానిక్ అన్నవాడు అన్నం మానేస్తాడు గానీ ప్లయరుతో బోల్టు తిప్పడు.

తర్వాత బానెట్ ఎత్తాను. నాలుగు ప్లగ్గులూ ఊడదీసి న్యూస్‌పేపరు మీద వరసగా పెట్టాను. మూడు నల్లగా మసిబారి ఉన్నాయి. మూడో సిలిండరుది మాత్రం ఆయిల్‌తో తడిసి, పకోడీ తీసినట్టు జిడ్డు కారుతోంది. ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి పెట్టి, రాగసుధను సెల్ఫు కొట్టమన్నాను. మొదటిది నూట ఇరవై. రెండోది నూట పదిహేను. మూడోది అరవై దగ్గరే ఆగిపోయింది. నాలుగోది నూట పది. మూడో దాంట్లో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్ళీ చూశాను. ముల్లు అరవై నుంచి నూట ఐదుకు లేచింది. ఆయిల్ పోస్తే ఒత్తిడి పెరిగిందంటే వాల్వులది కాదు తప్పు, పిస్టను రింగులు అరిగిపోయాయని అర్థం. ఆ సందులోంచి ఆయిల్ పైకి వచ్చి పెట్రోలుతో పాటు కాలుతోంది.

ప్లగ్గులు బిగించి, తెచ్చుకున్న లీటరు పెట్రోలు పోసి, షట్టరు బార్లా ఉంచి స్టార్ట్ చేశాను. వెనకనుంచి నీలం పొగ లేచింది. కార్బొరేటరు స్క్రూ లోపలికి తిప్పుతూ పోయాను. ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది గానీ పొగ మాత్రం తగ్గలేదు.

నాకు కావలసింది దొరికింది. పాత బండికి కార్బన్ మోనాక్సైడ్ మూడు శాతం దాకా ఒప్పుకుంటారు. ఎంత బాగా ట్యూన్ చేసినా ఇలాంటి కార్బొరేటరు బండి ఒకటికి తగ్గడం కష్టం. 0.06 రావాలంటే సైలెన్సరులో పొగను శుభ్రం చేసే కన్వర్టరు ఉండాలి. అది కొత్త కార్లకే ఉంటుంది. స్క్రూ తిప్పి కార్బొరేటరును మోసం చెయ్యొచ్చు, సాయంత్రం ఒకలా పొద్దున ఒకలా పెట్టొచ్చు. రింగులు ఒక్క సాయంత్రంలో అరగవు. శనివారం 5.40కి ఆ యంత్రంలోకి వెళ్ళిన పొగ ఈ ఇంజనుది కాదు. ఈ కారు షెడ్డు దాటలేదు. అది దాటిందని మనల్ని నమ్మించడానికి ఎవరో స్లిప్పు తెచ్చి డాష్‌బోర్డు మీద పెట్టారు.

చేతులు తుడుచుకుని రాగసుధను నెమ్మదిగా అడిగాను. శనివారం ఒంటిగంటకు తను దిల్‌సుఖ్‌నగర్‌లో అక్కగారింటికి వెళ్ళిందట, ఏడింటికి తిరిగొచ్చిందట. నాలుగింటికి ఫణీంద్రతో మాట్లాడటానికి ఇన్‌స్టిట్యూట్ పార్ట్‌నరు దుర్గేష్ వచ్చి, నాలుగున్నరకు వెళ్ళాడని అతనే పోలీసులకు చెప్పాడట. ఏం మాట్లాడటానికని అడిగితే, ఫణీంద్ర తన బ్యాచి మొత్తాన్ని తీసుకుని ఈ సోమవారం నుంచి పక్క బిల్డింగులో సొంతంగా మొదలుపెట్టాల్సి ఉందట.

"ఈ ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆగిపోతుంది కదా. ఆయన ఏం చేసేవారు?"

"షెడ్డులోనే స్టార్ట్ చేసి, యాక్సిలరేటరు నొక్కుకుంటూ పది నిమిషాలు కూర్చునేవారండి. అందరికీ తెలుసు. ఇన్‌స్టిట్యూట్‌లో కూడా ఆటపట్టించేవాళ్ళు."

"షట్టరు తాళం చెవులు ఎన్ని?"

"రెండండి. రెండోది దుర్గేష్ గారి దగ్గర. పాత కంప్యూటర్లు ఇక్కడే పెట్టుకున్నారుగా."

మూల గుడ్డ కప్పిన పెట్టెలు అప్పుడు చూశాను. అంతా కళ్ళకు కట్టింది. మనిషి కారులో కూర్చుని ఇంజను వేడెక్కిస్తున్నాడు. బయటినుంచి ఎవరో చప్పుడు కాకుండా షట్టరు దించి తాళం వేశారు. ఆ హోరులో వినబడదు. వినబడి దిగేసరికే కాళ్ళలో పట్టు పోతుంది. తర్వాత వచ్చి మనిషిని మళ్ళీ సీట్లో సర్ది, బోల్టు ఊడదీసి, షట్టరు ఎత్తేసి పోవడమే. ఆ పది నిమిషాల్లో ఫణీంద్ర షట్టరు మీద కొట్టి ఉంటాడా అన్న ఆలోచన వచ్చింది. రాగసుధ వైపు చూడలేక రేకు వైపు చూశాను. ఆ మాట ఆమెతో అనలేదు. తను రెండింటికల్లా అక్క ఇంటికి వెళ్ళిపోతానని, ఈ ఇంట్లో ఇంకో రాత్రి పడుకోలేనని చెప్పి తాళాల గుత్తి నా చేతిలో పెట్టింది.

దుర్గేష్ సంగతి కనుక్కోవడానికి నాకు దూరం పోనక్కర్లేదు. మా అమ్మాయి భానుశ్రీ అదే ఇన్‌స్టిట్యూట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతుంది. ఫోన్ చేశాను. శనివారం ఐదింటినుంచి ఎనిమిదింటిదాకా, ఆరింటికి ఇచ్చిన అరగంట టీ బ్రేకు తప్ప, దుర్గేష్ గారు ల్యాబులోనే ఉన్నారని, అరవై మంది పిల్లలు చూశారని చెప్పింది. అంతలోనే ఎవరో పిలిస్తే, కారు నువ్వే తీసుకెళ్ళావుగా నాన్నా, నేను సాయంత్రం ఆటోలో వచ్చేస్తాలే అని పెట్టేసింది.

అంటే 5.40కి స్లిప్పు తీసుకున్నది దుర్గేష్ కాదు. కొత్త కారున్న మనిషి ఇంకొకరు అతనికి సాయపడ్డారు.

ఒంటిగంటా పావుకు జీపు వచ్చి ఆగింది. ఓంప్రకాష్ దిగాడు. నలభై ఏళ్ళుంటాయి, ఒళ్ళు విరుచుకోకుండా నిలబడలేని మనిషి. నేను సర్వీసులో ఉండగా ఒక లారీ కేసులో అతని రిపోర్టు తప్పని కోర్టులో సాక్ష్యం చెప్పాను. అది అతను మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు.

"ఏంది బ్రేకిన్‌స్పెక్టర్ సాబ్, మా కేసుల మీకేం పని?"

బోల్టు గాట్లు చూపించాను. రింగుల సంగతి చెప్పాను. స్లిప్పు వేరే కారుదని, వేరే కారుదైతే ఫణీంద్ర ఇల్లు కదల్లేదని, కదలకపోతే మొగిలయ్య తప్పు లేదని విడమర్చి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. విని, జేబులోంచి ఫోన్ తీసి, నేను వద్దనేలోపే దుర్గేష్‌కు కలిపాడు. శనివారం ఫణీంద్ర పొల్యూషన్‌కు పోతానని చెప్పాడా అని అడిగాడు. అవతల ఏదో చెప్పాడు. "గిక్కడ ఒక పెద్దమనిషి గా స్లిప్పు దొంగది, వేరే కార్‌ది అంటుండు, గందుకే అడిగిన" అని నవ్వుతూ ఫోన్ పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండింది. దొంగ ఇంటికి వెళ్ళి పోలీసులొస్తున్నారని చెప్పినట్టుందన్నాను.

అతను కారు తలుపు తీశాడు. కారు డాష్‌బోర్డు అరలోంచి ఆర్‌సీ పుస్తకం తీసి, పేజీలు తిప్పి, ఒక చోట వేలు పెట్టి నాకు చూపించాడు.

"పదిహేనేండ్లు నిండినయని నిరుడు మార్చిల బండికి మళ్ళ ఫిట్‌నెస్ ఇచ్చిన్రు. గీ సంతకం ఎవలది సార్?"

నాదే. పచ్చ సిరాతో, పొడుగు తోకతో, తప్పుకోవడానికి వీల్లేని సంతకం. రిటైరయ్యే ముందు నెల. రోజుకు ఎనభై బండ్లు వచ్చేవి. హారను కొట్టించి, లైట్లు వేయించి సంతకం పెట్టేవాణ్ణి. ఈ కారు బానెట్ ఎత్తలేదు. ఎత్తినట్టు గుర్తు కూడా లేదు.

"రింగులు పొయ్యి ఎన్నేండ్లయితుంది?"

"మూడు, నాలుగేళ్ళు."

"అయితె నిరుడు మీరు పెట్టింది దొంగ సంతకం. లేదంటె గిప్పుడు చెప్పేది అబద్ధం. కోర్టుల మీ మాట ఎవ్వలు నమ్ముతరు? జర చెప్పుండ్రి."

అతను అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పులేదు. పక్కన రాగసుధ నన్నే చూస్తోంది. నేను ఆ రోజు బానెట్ ఎత్తి ఉంటే ఈ కారు రోడ్డు మీద ఉండేది కాదు, ఈ అమ్మాయి మెడలో తాళి ఉండేది. ఆ మాట నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుని తలొంచుకున్నాను.

"నా మాట వద్దు. యంత్రం మాట తెస్తే వింటారా?" అన్నాను.

"నాలుగు దాటితె నా చేతుల ఏం లేదు. గంతలోపు తెస్తె జూస్త." జీపెక్కి పోయాడు.

స్లిప్పు మీద పొల్యూషన్ వ్యాను నంబరుంది. ఆ వ్యాను మైత్రీవనం దాటాక పెట్రోలు బంకు పక్కన ఆగుతుంది. ఒంటిగంటా యాభైకి వెళితే లేదు. బాలానగర్‌లో లారీలకు స్లిప్పులు ఇవ్వడానికి పోయిందన్నారు. గంట సేపు నా కారులోనే కూర్చుని ఎదురుచూశాను. రెండూ యాభై ఐదుకు వచ్చింది.

నడిపేవాడు పర్శరాములు. ముందు వాడికేమీ తెలియదు, శనివారం అసలు గుర్తే లేదు. నేనెవరో చెప్పాక గుర్తు రావడం మొదలైంది. బండి తేకపోయినా స్లిప్పు ఇస్తావా అంటే కాసేపు గునిసి, చివరికి ఒప్పుకున్నాడు.

"అందరు చేసేదే సార్. పాత బండి యంత్రానికి పెడితె ఫెయిలంటది. ఫెయిలయితె మళ్ళ వస్తరు, లొల్లి. దోస్తు బండి ఉంటె దాని పొగతోని తీస్త. నంబర్ గొట్టేది మనమే గదా. పొగ లేకుంటె యంత్రం కాయితం ఇయ్యది, పొగ ఏ బండిదో అడగది."

"శనివారం ఐదూ నలభైకి పొగ ఇచ్చింది ఏ కారు?"

"మస్తు బండ్లొస్తయ్ సార్, ఎట్ల యాదికుంటది? ఎవలో ఆడామె. తన బండికి తీస్కొని, గీ జెరాక్సుది సుత జర ఇయ్యన్నా అన్నది."

యంత్రంలో స్లిప్పుతో పాటు నకలు రోలు తిరుగుతుంది. అది తియ్యమన్నాను. శనివారం దాకా విప్పాడు. నేను కళ్ళద్దాలు పెట్టుకున్నాను. 5.40 స్లిప్పు నకలు దొరికింది, ఫణీంద్ర కారు నంబరు, 0.06, 35. దాని పైన, నాలుగు నిమిషాల ముందు, 5.36. కార్బన్ మోనాక్సైడ్ 0.06. హైడ్రోకార్బన్ 34. ఒకే పొగ, రెండు స్లిప్పులు.

పై స్లిప్పు మీద కారు నంబరు చదివాను. మళ్ళీ చదివాను. అద్దాలు తుడుచుకుని మూడోసారి చదివాను. ఆ కారు నా వెనక పది అడుగుల దూరంలో ఆగి ఉంది. నిరుడు రిటైర్‌మెంటుకు నేను కొనుక్కున్నది. శనివారాలు అది మా అమ్మాయి దగ్గర ఉంటుంది.

"సార్, మీ మొహం ఎట్లనో అయింది. గీ రోల్ చింపెయ్యమంటరా?" అన్నాడు పర్శరాములు.

అబద్ధమెందుకు, చింపెయ్యాలనిపించింది. అగ్గిపుల్ల గీస్తే అర నిమిషం పని. ఓంప్రకాష్ చేతికి ఇది వెళితే, చంపినవాడికి సాయం చేసింది నా కూతురే అంటాడు. అతని స్థానంలో ఉంటే నేనూ అంటాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు చూడకుండా సంతకాలు పెట్టాను, ఇంకొక్కసారి చూడనట్టు ఉంటే ఏం పోతుంది? పోయేది మొగిలయ్య. రోలు మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాను. భానుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. క్లాసులో ఉంటే ఎత్తదు. మూడుసార్లు చేశాను.

ఇన్‌స్టిట్యూట్ నడిచి పోయేంత దగ్గర. అక్కడికే వెళ్ళాను. టైము మూడూ ఇరవై. ఆమె క్లాసు మూడింటికే అయిపోయిందని, దుర్గేష్ సార్‌తో బయటికి వెళ్ళిందని రిసెప్షన్‌లో చెప్పారు. ఎక్కడికో తెలియదట.

ఠాణాకు కారు ఎలా నడిపానో గుర్తు లేదు. గేటు దగ్గర దేవవ్వ టిఫిన్ క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి ఒక అడుగు ముందుకు వేసింది. లోపల కానిస్టేబులు మొగిలయ్యను బయటికి తెస్తున్నాడు. మెట్ల మీద ఉండగా నా ఫోను మోగింది. భాను.

"ఏంటి నాన్నా, అన్నిసార్లు చేశావు?"

"శనివారం పొల్యూషన్ స్లిప్పులు రెండు తెచ్చావా?"

"అవును, మనదొకటి, ఫణి గారిదొకటి. ఎటూ వెళ్తున్నావుగా, ఫణి గారికి కూడా తెచ్చిపెట్టమ్మా, ఆయనకు టైము లేదట అని దుర్గేష్ గారు ఆర్‌సీ జెరాక్సు ఇచ్చారు. టీ బ్రేకులో ఆయనకే ఇచ్చేశా. అందరూ చేసేదేగా నాన్నా, తప్పా?" మామూలుగానే మాట్లాడుతోంది. పోలీసులు స్లిప్పు సంగతి ఎక్కడా చెప్పలేదు కనుక దానికేమీ తెలియదు. "ఇందాక ఆయన కూడా ఇదే అడిగారు, ఎవరికైనా చెప్పావా అని. లేదన్నాను."

"ఎక్కడున్నావు?"

"పంజగుట్ట. ఆటో దిగాం. ఫణి గారి సామాన్లు షెడ్డులోంచి సర్దడానికి రాగసుధ గారు రమ్మన్నారట. ఆయన షట్టరు తీస్తున్నారు. ఉండు, పిలుస్తున్నారు."

"భానూ, లోపలికి వెళ్ళకు. అక్కడ రాగసుధ లేదు."

అప్పటికే లైను కట్టయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

ఓంప్రకాష్ గదిలోంచి బయటికి వస్తున్నాడు. రోలు తీసి అతని చేతిలో పెట్టి, రెండు స్లిప్పుల మీదా వేలు పెట్టి చూపించాను. అతను అంకెలు చదివాడు. పై నంబరు చదివాడు. తలెత్తి గేటు బయట ఆగి ఉన్న నా కారు వైపు చూశాడు.

"గీ నంబర్ మీదే గదా?"

"నాదే. తెచ్చింది నా కూతురు. తెప్పించింది దుర్గేష్. ఇప్పుడు దాన్ని షెడ్డుకు తీసుకెళ్ళాడు."

అతని మొహంలో నేను ఎదురుచూసిన నవ్వు రాలేదు. కాగితం పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది.

"ఫోన్ల నేనే చెప్పిన వానికి," అన్నాడు. "స్లిప్పు వేరే కార్‌దని నేనే చెప్పిన."

"స్లిప్పు నా కారుది, ఫోను మీది. ఎవరి తప్పెంతో తర్వాత చూసుకుందాం. జీపు తియ్యండి."

అతను వెనక్కి తిరిగి, మెకానిక్ కాగితాలు ఆపమని రైటరుకు ఒక్క కేక వేసి, నాకంటే ముందు మెట్లు దిగి పరుగెత్తాడు.